నెలసరి బ్రెడ్! ఫిలిప్పీన్స్ బేకరీల ఎర్ర రహస్యం

ఇవాళ ఒక బన్ను కథ చెప్పుకుందాం. ఫిలిప్పీన్స్‌లో దాన్ని ‘పాన్ దె రెగ్లా’ అంటారు. పాన్ అంటే బ్రెడ్, రెగ్లా అంటే నెలసరి. అవును, కరెక్ట్‌గానే విన్నారు, నెలసరి బ్రెడ్! తుంచి చూస్తే ఆ పేరెందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. బయట మామూలు బన్నే. లోపల చెమ్మగా, చిక్కగా, ఎర్రటి తీపి ముద్ద.

ఆ ముద్ద దేంతో చేస్తారో తెలుసా? అమ్ముడుపోకుండా మిగిలిన బ్రెడ్‌తో.

దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. ఫిలిప్పీన్స్ మనలాగే అన్నం తినే దేశం. 1565లో స్పెయిన్ వాళ్లు వచ్చి పాతుకుపోయారు. వాళ్లకి తినడానికీ రొట్టె కావాలి, చర్చిలో ప్రసాదానికీ గోధుమ అప్పమే కావాలి. 1898లో అమెరికా పాలన మొదలయ్యాక అమెరికా పిండి ఓడల్లో దిగింది. కానీ ఆ వేడికీ తేమకీ గోధుమ అక్కడ సరిగ్గా పండదు. ఈ రోజుకీ దిగుమతే దిక్కు. మరి అంత దూరం నుంచి వచ్చిన పిండిని చెత్తబుట్టలో వేస్తే గల్లీ బేకరీ బతుకుతుందా?

అక్కడి వాళ్లు పొద్దున్నే వేడివేడి ‘పాన్ దె సాల్’ కొనుక్కెళ్తారు. (పేరుకే ఉప్పు బ్రెడ్, తింటే కాస్త తియ్యగానే ఉంటుంది!) మిగిలినవి మర్నాటికి గట్టిపడతాయి. బేకరీ వాళ్లు ఆ ముక్కలన్నీ తుంచి పాలల్లో నానబెట్టి, చక్కెర, గుడ్లు, వెన్నో మార్గరినో, వెనీలా వేసి దగ్గరపడేదాకా ఉడికిస్తారు. దాన్ని కొత్త పిండి మధ్యలో పెట్టి కాలుస్తారు. అంటే కొత్త బ్రెడ్ కడుపులో నిన్నటి బ్రెడ్ అన్నమాట.

ఎరుపు ఎందుకంటారా? నా అంచనా చెప్తా. మిగిలిన వాటిలో తెల్లవి, పసుపువి, మాడినవి అన్నీ ఉంటాయి. గట్టి రంగు ఒకటి వేస్తే అన్నీ ఒకటైపోతాయి, కొనేవాడి కన్ను ఆగుతుంది.

పేర్లు ఇంకా ఉన్నాయి. లిప్‌స్టిక్ అంటారు. ‘లిగాయా’ అంటారు, అంటే సంతోషం. ఫ్లోర్ వ్యాక్స్ అని కూడా అంటారు! అక్కడ ఇళ్లల్లో ఎర్ర మైనం పూసి, సగానికి కోసిన కొబ్బరి డొక్కని కాలితో తొక్కుతూ నేలకి మెరుగు పెట్టేవాళ్లు. ఆ మైనం రంగే ఇది.

నాకు బాగా నచ్చింది మాత్రం ‘కలిహిమ్’. తగలోగ్ భాషలో లిహిమ్ అంటే రహస్యం, కలిహిమ్ అంటే సెక్రటరీ. లోపలేముందో తెలిసీ బయటపెట్టని మనిషి. ఈ బన్నుకి ఇంతకన్నా సరిపోయే పేరు ఉంటుందా?

రెగ్లా అనే పేరు విని మొహం తిప్పుకునేవాళ్లు ఉంటారు, నవ్వేవాళ్లూ ఉంటారు. కానీ చిన్నప్పుడు చేతిలో చిల్లర పెట్టుకుని సాయంత్రం పూట ఇది కొనుక్కున్న వాళ్లకి అది మామూలు పేరే. ఇప్పుడు ఆ రుచి గుర్తొచ్చి ఇంట్లోనే చేసుకునేవాళ్లు ఉన్నారు. తమాషా ఏంటంటే, ఇంట్లో పాత బ్రెడ్ మిగలకపోతే షాపుకెళ్లి కొత్తది కొనుక్కొచ్చి మరీ నానబెట్టాల్సిందే!