జయంతి ఎందుకు ఒప్పుకోలేదు?

ప్రేమ నవల అనగానే వెన్నెలో, మల్లెలో, కలలో పేరులోకి వచ్చేస్తాయి. యద్దనపూడి సులోచనారాణి మాత్రం తన నవలకి ఒక ఉద్యోగం పేరు పెట్టారు. 1960ల నడుమ ‘జ్యోతి’ మాసపత్రికలో ‘సెక్రటరీ’ సీరియల్‌గా వచ్చేనాటికి ఆవిడ వయసు పాతికేళ్లకి అటూ ఇటూ. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో 1940లో పుట్టారు.

కథ అందరికీ తెలిసిందే. జయంతిది డబ్బున్న ఇల్లు కాదు. కలవారి ఆడవాళ్లు నడిపే ‘వనితా విహార్’లో ఉద్యోగానికి చేరుతుంది. అక్కడ రాజశేఖరం తారసపడతాడు. తర్వాత అతని ఆఫీసులోనే సెక్రటరీ అవుతుంది. వీళ్లిద్దరూ చివరికి ఒకటవుతారని మొదటి రెండు నెలల్లోనే పాఠకులకి అర్థమైపోయి ఉంటుంది. అయినా నెలనెలా పోస్ట్‌మ్యాన్ కోసం కాచుకుని కూర్చున్నారు.

ఈ రకం రచనలో అసలు కష్టం అక్కడే ఉంది. డిటెక్టివ్ నవలలో హంతకుణ్ణి చివరిదాకా దాచుకోవచ్చు. ప్రేమ నవల రాసేవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. ముగింపు అట్ట మీద బొమ్మలోనే కనిపించిపోతుంది. కాబట్టి పాఠకుణ్ణి పట్టి కూర్చోబెట్టాల్సింది ఒకే ఒక్క ప్రశ్న: ఇంత ఇష్టం ఉన్నవాళ్లు ఇంకా ఎందుకు కలవలేదు? దానికి జవాబు గట్టిగా లేకపోతే పది ప్రకరణాలు కూడా నడవదు.

అంతకుముందు ఆ జవాబు ఎక్కువగా బయటినుంచి వచ్చేది. కులం, కట్నం, తండ్రి పంతం, మేనరికం. యద్దనపూడి అడ్డుగోడని తీసుకెళ్లి నాయిక మనసులోనే కట్టారు. రాజశేఖరం దగ్గర జయంతి జీతం తీసుకుంటోంది. అతను చూపించేది ఇష్టమా, జాలా, డబ్బున్నవాడి సరదానా? అతని చుట్టూ తిరిగే ఆడవాళ్ల గురించి వినిపించే మాటల్లో నిజమెంత? ఇవి తేలేదాకా ఆమె ‘ఊ’ అనదు. ఏ నాన్నా ఆమెని ఆపడం లేదు, తనని తానే ఆపుకుంటోంది. ఆఫీసుల్లో ఆడవాళ్ల కుర్చీలు అప్పుడప్పుడే పడుతున్న కాలంలో, టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కే అమ్మాయికి ఇంతకంటే దగ్గరి కథ ఏముంటుంది?

ఆరడుగుల అందగాడు, పడవంత కారు అంటూ విమర్శకులు రాజశేఖరాన్ని చాలా ఏడిపించారు. ఏడిపించదగ్గవాడే. కానీ అతను అంత తక్కువ మాట్లాడటం వెనక పనితనం ఉంది. కథ జయంతి భుజం మీదనుంచే లోకాన్ని చూస్తుంది. అతని మనసులో ఏముందో మనకీ తెలియదు. ఒక చూపు, ఆగిపోయిన ఒక వాక్యం, పంపిన కారు... వీటినుంచే ఆమెతోపాటు మనమూ ఊహించుకోవాలి. ఐదో ప్రకరణంలో అతను మనసు విప్పి నాలుగు మాటలు చెప్పేస్తే ఆరో ప్రకరణానికి పనే లేదు. ప్రేమ నవలలో నాయకుడు నాయిక కంటే పలచగా కనిపించడం చాలాసార్లు రచయిత్రి చేతగానితనం కాదు, లెక్కే.

ఆ లెక్క నేర్పింది పత్రికలు. ‘ఆంధ్రప్రభ’ పోటీలో బహుమతి పొందిన కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’గా వెండితెరకెక్కాక, ఆడవాళ్లు రాసిన సీరియల్ అంటే వారపత్రికలకీ నిర్మాతలకీ మోజు పెరిగింది. ఎంత పెరిగిందంటే మగవాళ్లే ఆడపేర్లు పెట్టుకుని రాసేటంత! ఇచ్చిన పేజీల్లో ఒక సన్నివేశం నిండాలి, చివరి పేరాలో తలుపు చప్పుడు కావాలి, వారంపాటు ఆ చప్పుడు చదివేవాళ్ల చెవిలో ఉండాలి.

అప్పటి ఇళ్లలో సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, బైండు చేయించుకునేవారు. అలాంటి బైండు ఒకటి తిరగేస్తే కథ ఒక పక్క నడుస్తుంటుంది, పేజీ వెనక సగం తెగిన వంటల శీర్షిక, తలనూనె ప్రకటన, ఎవరిదో కార్టూనులో ఒక కాలు. తర్వాత ఎమెస్కో వాళ్ల ‘ఇంటింటా సొంత గ్రంథాలయం’ పాకెట్ పుస్తకాలొచ్చాయి. వీధి చివర అద్దె పుస్తకాల కొట్లు సరేసరి. లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ కూడా 1930ల ఆర్థిక మాంద్యంలో ప్రేమ కథల వైపు తిరిగి, గోధుమరంగు అట్టలతో అద్దె లైబ్రరీలనే నమ్ముకుని నిలదొక్కుకుంది. కొనే స్తోమతు లేని పాఠకురాలే రెండు చోట్లా ఈ పరిశ్రమని పోషించింది.

ఇంగ్లిష్‌లో కుర్రకారు కోసం వేరే ప్రేమ కథల అర ఏర్పడింది. మోరీన్ డేలీ ‘సెవెన్‌టీన్త్ సమ్మర్’ 1942 నాటిది. మనకి ఆ అర లేదు. తల్లి మధ్యాహ్నం బాహాటంగా చదివిన నవలనే కూతురు రాత్రి సైన్సు పుస్తకంలో పెట్టుకుని చదివింది. ఇద్దరికీ సరిపోయేలా రాయాలి కాబట్టి ఒంటి మీద చెయ్యి పడే చోట రచయిత్రి పేరా మార్చేసేది. ఆ పదిహేడేళ్ల పాఠకురాలికి బాగా నప్పిన నవల యద్దనపూడి ‘మీనా’ అని నా అభిప్రాయం. తల్లి కృష్ణవేణి చెప్పుచేతల్లో పెరిగిన పట్నం పిల్ల పల్లెకి వెళ్లి, సారథిని ఇష్టపడటం కంటే ముందు తన బుద్ధితో తాను నడవడం నేర్చుకుంటుంది. విజయనిర్మల తెలుగులో దర్శకురాలిగా తొలి సినిమాకి 1973లో ఆ కథనే ఎంచుకున్నారు.

అన్నీ ఇంత ముచ్చటగా లేవు. యద్దనపూడి నవల ‘విజేత’ ఆధారంగా 1972లో వచ్చిన ‘విచిత్ర బంధం’ సినిమాలో, కాలేజీలో జరిగిన అవమానానికి కక్షగా నాయకుడు నాయిక మీద అఘాయిత్యం చేస్తాడు. చివరికి ఆమె జతపడేది అతనితోనే. అదే ఏడాది అమెరికాలో కాథ్లీన్ వుడివిస్ ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’ కూడా దాదాపు అలాంటి చోటే మొదలై ఒక కొత్త ఒరవడికి దారితీసింది. ఆలస్యానికి బలమైన కారణం వెతుకుతూ వెతుకుతూ క్షమించరాని కారణం దగ్గరికి చేరితే, తర్వాత రచయిత్రి ఎన్ని కన్నీళ్లు పెట్టించినా ఆ పెళ్లి నాకు మింగుడుపడదు.

1980ల్లో యండమూరి ‘తులసిదళం’ వంటి నవలలు వారపత్రికల రుచి మార్చేశాయి. ఆ వెనకే టీవీ వచ్చింది. యద్దనపూడి 2018లో కాలిఫోర్నియాలో కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ‘అ ఆ’ సినిమా చూసి ‘ఇది మన మీనా కదూ’ అని గుర్తుపట్టినవాళ్లు ఊరూరా ఉన్నారు.

సీరియల్ ఇప్పుడు ఫోన్‌లో, ప్రతిలిపి లాంటి యాప్‌లలో మళ్లీ నడుస్తోంది. అక్కడా బాసులున్నారు, వాళ్ల దగ్గర పనిచేసే అమ్మాయిలున్నారు. బాసుకి సీఈఓ అని కొత్త హోదా దక్కింది. కాకపోతే చాలా కథల్లో మూడో భాగానికే కాంట్రాక్టు పెళ్లి అయిపోతుంది, వద్దనే అవకాశం ఆ అమ్మాయికి రానేరాదు. మిగతా వంద భాగాలూ అత్తగారి కుట్రలతో నెట్టుకురావాల్సి వస్తోంది.