అయాన్ వినిమయ పద్ధతిలో విలువైన లోహాల సేకరణ

అయాన్ వినిమయ పద్ధతిలో విలువైన లోహాల సేకరణ అనగా బంగారం, వెండి, ప్లాటినం, పల్లాడియం వంటి లోహాలు అతి స్వల్పంగా కరిగివున్న ద్రావణాల నుండి, రెసిన్ అనే కృత్రిమ పదార్థపు పూసల సహాయంతో వాటిని వేరుచేసి తిరిగి పొందడం. బంగారు గనుల సయనైడు ద్రావణాలు, లోహశుద్ధి కర్మాగారాల క్లోరైడు ద్రావణాలు, బంగారు పూత వేసిన వస్తువులను కడిగిన నీరు, ఫోటోగ్రఫీ వ్యర్థజలాలు ఈ పద్ధతికి ముఖ్యమైన ముడిసరుకులు. లీటరుకు 2 మిల్లీగ్రాముల బంగారం ఉన్న ద్రావణంలో ఒక గ్రాము బంగారం కావాలంటే 500 లీటర్లను శుద్ధి చేయవలసి ఉంటుంది. అంత నీటిని ఆవిరి చేయడం గిట్టుబాటు కాదు. రెసిన్ ఆ కొద్దిపాటి లోహాన్ని తనలో కూడబెట్టుకుంటుంది. అయితే ఈ పద్ధతిలో అసలు కష్టం లోహాన్ని పట్టడంలో కంటే, పట్టిన లోహాన్ని తిరిగి విడిపించడంలోను, తోటి లోహాల నుండి వేరుచేయడంలోను ఉన్నది.

చరిత్ర

1850లో ఇంగ్లాండుకు చెందిన హెచ్.ఎస్. థాంప్సన్, జె.టి. వే అనువారు నేలలో జరిగే అయాన్ వినిమయాన్ని వివరించారు. అమ్మోనియం లవణ ద్రావణాన్ని మట్టి గుండా పంపినపుడు అమ్మోనియం మట్టిలో నిలిచిపోయి, దానికి బదులు కాల్షియం బయటకు వచ్చింది. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్తలు ఈ గుణం గల కృత్రిమ రెసిన్లను తయారుచేశారు. 1940వ దశకంలో అమెరికాకు చెందిన డి'అలెలియో స్టైరీన్ ఆధారిత రెసిన్లను రూపొందించాడు. నేటికీ అధికంగా వాడుకలో ఉన్నవి ఈ తరహా రెసిన్లే.

బంగారాన్ని సయనైడుతో కరిగించే పద్ధతికి 1887లో స్కాట్లాండులో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంటు పొందారు. కరిగిన బంగారాన్ని మొదట జింకుతో అవక్షేపింపజేసేవారు. తరువాతి కాలంలో రెండు దారులు ఏర్పడ్డాయి. అమెరికాలోని హోమ్‌స్టేక్ గనిలో 1973 నుండి ఉత్తేజిత కర్బనాన్ని వాడడంతో పాశ్చాత్య దేశాలలో ఆ విధానం వ్యాపించింది. సోవియట్ యూనియన్ మాత్రం రెసిన్లను ఎంచుకుంది. 1969లో ఉత్పత్తి మొదలైన, నేటి ఉజ్బెకిస్తాన్‌లోని కిజిల్‌కుమ్ ఎడారిలో ఉన్న మురున్‌తావు గని రెసిన్ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణ. దక్షిణాఫ్రికాలోని గోల్డెన్ జూబిలీ గనిలో 1988లో కర్బనం స్థానంలో రెసిన్‌ను ప్రవేశపెట్టారు.

సూత్రం

రెసిన్ పూస వల వంటి నిర్మాణం గల పాలిమర్. దానికి ఆవేశం గల రసాయన సమూహాలు స్థిరంగా అతుక్కొని ఉంటాయి. ఆ ఆవేశానికి వ్యతిరేక ఆవేశం గల అయాన్లు వదులుగా అంటి ఉండి, ద్రావణంలోని అయాన్లతో స్థానాలు మార్చుకుంటాయి. కఠిన జలాన్ని మృదుజలంగా మార్చే పరికరాలలో జరిగేది కూడా ఇదే చర్య. అక్కడ కాల్షియం, మెగ్నీషియం అయాన్లు నిలిచి సోడియం బయటకు వస్తుంది.

లోహ అయాన్లు సాధారణంగా ధనావేశం కలవి. కాని సయనైడు ద్రావణంలో ఒక బంగారు అయాను రెండు సయనైడు అయాన్లతో కలిసి ఒక ఋణావేశం గల సంశ్లిష్ట అయానుగా మారుతుంది. కనుక బంగారాన్ని పట్టడానికి ఋణ అయాన్లను మార్చుకొనే రెసిన్ కావాలి. రెసిన్ మీది క్లోరైడు అయాను ద్రావణంలోకి పోగా, దాని స్థానంలో బంగారు సయనైడు అయాను చేరుతుంది. ఈ అయాను పరిమాణంలో పెద్దది, ఆవేశం స్వల్పం. నీటి అణువులు దానిని గట్టిగా పట్టి ఉంచవు. అందువలన అది నీటిని వదిలి రెసిన్‌ను సులభంగా చేరుతుంది.

అయితే ముడిఖనిజంలోని జింకు, నికెల్, రాగి, ఇనుము కూడా సయనైడుతో ఋణ సంశ్లిష్టాలుగా మారి రెసిన్‌పై చోటుకోసం పోటీపడతాయి. బంగారం కంటే ఇవి ఎక్కువ మోతాదులో ఉండవచ్చు.

బంగారాన్ని సేకరించే విధానం

1. ముడిఖనిజాన్ని మెత్తగా నూరి, నీటితో కలిపి చిక్కని బురదగా చేస్తారు.
2. సున్నం కలిపి బురదను క్షార స్థితిలో ఉంచి, సోడియం సయనైడు చేర్చి, గాలిని పంపుతారు. బంగారం కరగడానికి ఆక్సిజన్ అవసరం.
3. బురదను వరుసగా అమర్చిన తొట్టెల గుండా పంపుతారు. బురద ఒక దిశలోను, రెసిన్ పూసలు ఎదురు దిశలోను సాగుతాయి. అందువలన బంగారం దాదాపు హరించిన చివరి తొట్టెలో బురదకు తాజా రెసిన్ తగులుతుంది.
4. పూసలు ఖనిజపు రేణువుల కంటే పెద్దవి కాబట్టి, బంగారంతో నిండిన రెసిన్‌ను జల్లెడతో వేరుచేస్తారు. బురదను వడకట్టవలసిన అవసరం లేకపోవడం ఈ విధానంలోని పెద్ద సౌలభ్యం.

లోహాన్ని విడిపించడం

బంగారు సయనైడు అయాను బలమైన క్షార రెసిన్‌కు ఎంత గట్టిగా అంటుకుంటుందంటే, మామూలు ఉప్పునీటితో దానిని తొలగించడం కష్టం. సోవియట్ శాస్త్రవేత్తలు ఏఎమ్-2బి రెసిన్ కోసం దశలవారీ విధానాన్ని అనుసరించారు. మొదట గాఢ సయనైడు ద్రావణంతో రాగి, ఇనుములను, తరువాత విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో జింకు, నికెల్‌లను తొలగిస్తారు. చివరగా ఆమ్లంతో కలిపిన థయోయూరియాను పంపుతారు. థయోయూరియాతో కలిసిన బంగారం ధనావేశం గల అయానుగా మారుతుంది. రెసిన్ కూడా ధనావేశం కలది కాబట్టి ఇక బంగారాన్ని పట్టి ఉంచలేదు. ఇలా లభించిన గాఢ ద్రావణం నుండి విద్యుద్విశ్లేషణ ద్వారా బంగారాన్ని పొందుతారు. రెసిన్‌ను క్షారంతో కడిగి మళ్ళీ వాడతారు.

గ్వానిడీన్ సమూహం గల రెసిన్లను విడిపించడం మరింత సులభం. సయనైడు బురదలోని క్షారతలో ఇవి ధనావేశంతో ఉండి బంగారాన్ని పడతాయి. గాఢ సోడియం హైడ్రాక్సైడు తగిలితే ఆవేశం కోల్పోయి దానిని వదులుతాయి.

ఉత్తేజిత కర్బనంతో పోలిక

కర్బనం చవకైనది. జింకు, నికెల్ వంటి లోహాల కంటే బంగారాన్ని ఎంచి పట్టడంలో మెరుగైనది. కాని దాని నుండి బంగారాన్ని విడిపించడానికి వేడి ద్రావణం కావాలి. తిరిగి ఉత్తేజితం చేయడానికి సుమారు 650-700 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిమిలో కాల్చాలి. రెసిన్‌కు కొలిమి అవసరం లేదు. ముడిఖనిజంలోనే సహజ కర్బనం ఉండి కరిగిన బంగారాన్ని తిరిగి పీల్చుకొనే సందర్భాలలో, వేగంగా పనిచేసే రెసిన్ దానికంటే ముందుగా బంగారాన్ని పట్టగలదు.

ఇతర లోహాలు

ప్లాటినం, పల్లాడియం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఋణ క్లోరైడు సంశ్లిష్టాలుగా ఉంటాయి కాబట్టి వాటికీ ఇదే తరహా రెసిన్లు పనికివస్తాయి. ద్రవరాజంలో కరిగిన బంగారం కూడా అంతే. విలీన ఆమ్లంలో రాగి అంతగా ఋణ సంశ్లిష్టంగా మారదు. అందువలన రాగి నుండి బంగారాన్ని వేరుచేయడానికి వీలవుతుంది. ఫోటోగ్రఫీలో వెండి థయోసల్ఫేటుతో కలిసి ఋణ అయానుగా ఉంటుంది. వెండి అధికంగా ఉన్న ద్రావణానికి విద్యుద్విశ్లేషణ, పలుచని కడుగునీటికి రెసిన్ అనువైనవి. లోహాన్ని విడిపించడం మరీ కష్టమైతే రెసిన్‌నే కాల్చి బూడిద నుండి లోహాన్ని తీస్తారు.

భద్రత, పర్యావరణం

సయనైడు ద్రావణంలో ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ సయనైడు అనే ప్రాణాంతక వాయువు వెలువడుతుంది. కనుక ఆమ్లంతో రెసిన్‌ను కడిగే దశను మూసిన పాత్రలలో జరిపి, వాయువును క్షారంలో పీల్పించాలి. శిక్షణ, పరికరాలు లేకుండా ఇటువంటి ప్రయోగాలు చేయరాదు. 2000 జనవరి 30న రుమేనియాలోని బాయా మరే వద్ద గని వ్యర్థాల కట్ట తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల సయనైడు జలాలు నదులలో కలిశాయి; టిస్సా నదిలో చేపలు పెద్దఎత్తున చనిపోయాయి. వ్యర్థజలాలలోని లోహ సయనైడులను కూడా రెసిన్‌తో పట్టి, సయనైడును తిరిగి వాడుకలోకి తేవచ్చు. బంగారం కోసం ఏర్పడిన ఈ పద్ధతి ఈ విధంగా కాలుష్య నివారణకు కూడా ఉపయోగపడుతుంది.

ఇవి కూడా చూడండి

బంగారం
ప్లాటినం
సయనైడు
విద్యుద్విశ్లేషణ