హైదరాబాద్ మెట్రో: జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంలో రైలు రొద

హైదరాబాద్ మెట్రో మూడు మార్గాల్లో పొట్టిది జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మార్గం. 11 కిలోమీటర్ల పొడవు, 9 స్టేషన్లు. ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సింది, మూసీ ఒడ్డునే ఆగిపోయింది. సుల్తాన్ బజార్ వ్యాపారులు చాలాకాలం దీన్ని వ్యతిరేకించారు. చివరికి 2020 ఫిబ్రవరి 7న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు ప్రారంభించారు. ఆరు వారాలకే కరోనా వల్ల రైళ్లు ఆగాయి.

ముషీరాబాద్, చిక్కడపల్లి, నారాయణగూడల్లో పట్టాలు రోడ్డు మీదుగా, మేడల కిటికీల ఎత్తున సాగుతాయి. అందుకే రైలు చప్పుడు ఇక్కడ వీధికన్నా పై అంతస్తులవారికి ఎక్కువ. వంపు దగ్గర కీచుమనడానికి కారణం వేరు: ఇరుసుకు బిగించిన రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి, వంపులో మాత్రం బయటి పట్టా పొడవు ఎక్కువ. అంతకన్నా ముఖ్యంగా, చక్రం పట్టా మీద పక్కకు జారుతుంది; కీచు ఎక్కువగా దానివల్లే. వేగం తగ్గిస్తే దడదడ తగ్గుతుంది, కీచు తగ్గాలని లేదు. కీచుకు పట్టాలు సానపట్టడం, కందెన రాయడం లాంటివి మందు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 55 డెసిబెల్స్, ఆ తర్వాత 45 దాటకూడదు. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటిస్తే హద్దు 50, 40కి దిగుతుంది. ఈ మార్గంలో ఒక స్టేషన్ పేరే గాంధీ ఆసుపత్రి. 2022 అక్టోబరులో చివరి రైలు బయల్దేరే వేళను రాత్రి 11 గంటలకు పెంచారు, అంటే రాత్రి హద్దు మొదలయ్యాక కూడా గంటకు పైగా రైళ్లు తిరుగుతాయి.

అసలు చిక్కు సగటులో ఉంది. నియమం చూసేది క్షణాన్ని కాదు, ఆ గంటలన్నిటి సగటును. 10 నిమిషాలకోసారి 10 సెకన్లపాటు 85 డెసిబెల్స్ మోగితే సగటు 67కి వస్తుంది. నిద్ర చెడగొట్టేది మాత్రం ఆ 85. ఇలాంటి చప్పుడు చేసే హానిని న్యూయార్క్‌లో పరిశోధకురాలు ఆర్లీన్ బ్రాంజాఫ్ట్ 1975లో ప్రచురించిన పరిశోధన ఇంకా స్పష్టంగా చెప్పింది: ఎత్తైన రైలు మార్గం పక్కనున్న ఒక బడిలో, ఆ మార్గం వైపు తరగతుల్లోని పిల్లలు చదవడంలో అవతలి వైపు పిల్లలకన్నా వెనకబడ్డారు. పట్టాల కింద రబ్బరు దిండ్లు వేసి, తరగతి పైకప్పులకు శబ్దం పీల్చే పలకలు బిగించాక ఆ తేడా పోయింది.

మిగిలిపోయిన పాతబస్తీ భాగానికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా పెంచిన ఈ భాగం పొడవు 7.5 కిలోమీటర్లు. అక్కడ రైలు తిరగకముందే పగలూ రాత్రీ చప్పుడు కొలిచి రాసి ఉంచాలి. లేకుంటే రేపు ఫిర్యాదు వచ్చినప్పుడు పోల్చి చూడటానికి అంకె ఉండదు.