నీరున్న వైపే దారి: మెట్ట అడవుల్లో ఏనుగుల చరిత్ర

పల్నాడులో అడవి ఏనుగు లేదు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు నల్లమల అంచు అడవుల్లో పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి, దుప్పి, అడవిపంది ఉన్నాయి. ఏనుగును మాత్రం మన పిల్లలు గుడి ఊరేగింపులోనో, పాఠ్యపుస్తకం బొమ్మలోనో చూసినవారే. అయినా ఈ సంపుటిలో ఏనుగు గురించి రాయాలని మేము అనుకున్నాం. వాన తక్కువ పడే నేల మీద ఒక పెద్ద ప్రాణి ఎందుకు కదులుతుంది, ఎటు కదులుతుంది, ఆ దారికి అడ్డం కడితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు మన రాష్ట్రంలో ఏనుగు చరిత్ర చెప్పినంత స్పష్టమైన జవాబు మరొకటి లేదు. ఆ జవాబు అడవి అంచున బతికే మన గూడేలకూ తండాలకూ కూడా అవసరమే.

రాజుల ఏనుగు, అడవి ఏనుగు

పల్నాటి నేల ఏనుగును బొత్తిగా ఎరగనిదేమీ కాదు. అమరావతి స్తూపం శిల్పాల్లో ఒకటి, మదమెక్కి వీధిలో పడ్డ నాలగిరి ఏనుగు బుద్ధుడి ముందు లొంగిపోవడాన్ని చూపిస్తుంది. ఆ రాయి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. కొండవీడు కోటను ఏలినవారిలో ఒడిశా గజపతులు ఉన్నారు. వాళ్ల బిరుదులోనే ఏనుగు ఉంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను వాళ్ల నుంచి గెలుచుకున్నాడు. అయితే ఇవి రాజుల ఏనుగులు. వాటి మేత, నీరు మావటి చూసుకునేవాడు. అడవి ఏనుగు తన నీటిని తానే వెతుక్కోవాలి. మనం చెప్పుకోవలసింది ఆ ఏనుగు చరిత్ర.

ఆ చరిత్రలో అడవి మనుషులు మొదటి నుంచీ ఉన్నారు. కౌటిల్యుడి పేరు మీద ఉన్న అర్థశాస్త్రం ఏనుగుల అడవులను రాజ్యం ఎలా కాపాడుకోవాలో చెబుతుంది. కళింగ ఏనుగులను మేలైనవాటిలో లెక్కిస్తుంది. ఆ అడవిలో ఏనుగును చంపినవాడికి మరణశిక్ష వేయమంటుంది. ఏనుగుల మందలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడ తిరుగుతున్నాయో తెలుసుకోవడానికి అధికారి వెంట ఎవరెవరు ఉండాలో కూడా అందులో ఉంది. ఆ జాబితాలో మావటీలతో పాటు వనచరులు ఉన్నారు. అడుగుల గుర్తులు, పేడ, పడుకున్న చోట్లు, విరిగిన గట్లు చూసి మంద జాడ పట్టాలని ఆ పుస్తకం చెబుతుంది. అంటే దాదాపు రెండు వేల ఏళ్ల నాడే రాజ్యానికి ఏనుగు లెక్క కావాలంటే అడవివాళ్ల చదువే దిక్కు. ఆ చదువు రాజు పుస్తకంలోకి ఎక్కింది. చదివినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కలేదు.

కౌండిన్యకు ఏనుగులు ఎలా వచ్చాయి

మన రాష్ట్రంలో మెట్ట అడవిలో ఏనుగులను చూడాలంటే చిత్తూరు జిల్లా పలమనేరు, కుప్పం వైపు వెళ్లాలి. అది రాయలసీమ, కర్ణాటక, తమిళనాడు కలిసే మూల. ముళ్లపొదలు, వేసవిలో ఆకు రాల్చే చెట్లు, వెదురు, లోతైన కోనలు ఉన్న అడవి. పాలారులో కలిసే కౌండిన్య నది ఆ అడవి గుండా పారుతుంది. దాదాపు రెండు వందల ఏళ్లుగా అక్కడ ఏనుగు లేదు. 1980ల మొదట్లో తమిళనాడులోని హోసూరు, ధర్మపురి అడవుల వైపు నుంచి చిన్నచిన్న మందలు రావడం మొదలైంది. కొన్ని వచ్చి తిరిగి పోయాయి. తరువాత వచ్చినవి ఉండిపోయాయి. 1990 డిసెంబరులో ప్రభుత్వం ఆ అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించింది. దాని వైశాల్యం 350 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. 2003లో దాన్ని కలుపుకుని 766 చదరపు కిలోమీటర్ల మేర రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడింది.

ఇక్కడ వరుసను గమనించండి. అభయారణ్యం పెట్టాక ఏనుగులు రాలేదు. ఏనుగులు వచ్చాకే అభయారణ్యం వచ్చింది. గీత గీసింది ప్రభుత్వం, దారి వేసింది ఏనుగు.

ఎందుకు వచ్చాయి? ఆ ఏళ్లలో పట్టిన కరువు ఒక కారణం. పాత అడవులు తరిగిపోయి, ముక్కలై, మనుషుల అలికిడి పెరగడం మరో కారణం. ఈ రెండూ విడివిడిగా పనిచేయవు. పెద్ద ఏనుగుకు రోజుకు వంద లీటర్లకు పైగా నీరు కావాలి. ఒకటిన్నర క్వింటాళ్ల దాకా పచ్చిమేత కావాలి. మనిషిలా దానికి చెమట పట్టదు. చెవులు విసురుకుని, బురద పూసుకుని, నీడలో నిలబడి ఒళ్లు చల్లబరచుకోవాలి. అందుకే మెట్ట అడవిలో ఎండాకాలం ఏనుగుకు మూడు కావాలి: తాగే నీరు, మేత, నీడ. ఈ మూడూ ఒకదానికొకటి నడిచే దూరంలో ఉండాలి. వానాకాలంలో ప్రతి కుంటలోనూ నీరుంటుంది కాబట్టి మందలు విడిపోయి దూరదూరంగా తిరుగుతాయి. మాఘం దాటి వాగులు ఎండేకొద్దీ అన్నీ మిగిలిన కొద్ది నీటి చుట్టూ చేరతాయి. ఎక్కడ ఏ మడుగు ఎండదో మందను నడిపే ముసలి ఆడ ఏనుగుకు గుర్తుంటుంది. పిల్లలు దాని వెనక నడిచి నేర్చుకుంటాయి.

బెంగళూరు శాస్త్రవేత్త రామన్ సుకుమార్ 1980ల మొదట్లో కర్ణాటక, తమిళనాడు సరిహద్దు అడవుల్లో ఏనుగుల వెంట తిరిగి, 1989లో పుస్తకం రాశారు. వానలకు లేత గడ్డి మొలిచినప్పుడు ఏనుగులు గడ్డి ఎక్కువ మేస్తాయని, ఎండాకాలంలో ఆకు, కొమ్మ, బెరడు మీద ఎక్కువ ఆధారపడతాయని ఆయన చూపించారు. అడవిలో గడ్డి ముదిరే రోజులకే పక్క పొలంలో రాగి కంకి పాలు పోసుకుంటుంది. అడవి గడ్డి కన్నా అందులో సత్తువ ఎక్కువ. ఏనుగు పొలంలోకి రావడానికి ఇదొక కారణం. దాన్ని ఏనుగు పొగరు అనడం సరికాదు.

కౌండిన్య అడవి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా పల్లెలు, చెరకు తోటలు, అరటి, వరి, రాగి. ఏనుగు ఒక రాత్రిలో నడిచే దూరం ఆ అడవి వెడల్పు కన్నా ఎక్కువ. ఇక అది బయటికి రాకుండా ఎలా ఉంటుంది? సోలార్ కంచెలు వేశారు, కందకాలు తవ్వారు. బండ ఉన్నచోట కందకం దిగదు. వాగు దాటేచోట కందకం నిలవదు. ఒకచోట అడ్డుపడితే మంద మరోచోట, ఏనుగును ఎన్నడూ చూడని ఊరి మీదుగా తేలుతుంది. కొన్ని ఏనుగులు ఉత్తరంగా శేషాచలం కొండల దాకా పోయాయి. కరెంటు తీగలకు తగిలి ఏనుగులు చచ్చాయి. ఏనుగుల కాళ్ల కింద రైతులు, కూలీలు పోయారు. పంట పోయిన చిన్న రైతు కోపం న్యాయమైనదే. దాన్ని పక్కనపెట్టి అడవి గురించి మాట్లాడేవాళ్లను మేము నమ్మం. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి ఇచ్చింది. అవి ఊరి మీదికి వచ్చిన మందను అడవిలోకి తోలగలవు. అడవిలో నీరు, మేత ఉంటేనే ఆ మంద అక్కడ ఆగుతుంది.

నీరు ఒక్కటే చాలదు

అలాగైతే అడవి నిండా నీటి తొట్లు కడితే సరిపోతుంది కదా అని అడగవచ్చు. దీనికి ఆఫ్రికా అనుభవం చూడాలి. కెన్యాలోని సావో పార్కు మన మెట్ట అడవి లాంటి పొడి నేల. 1970, 71లో అక్కడ పెద్ద కరువు వచ్చి వేల ఏనుగులు చచ్చిపోయాయి. అవి ఎక్కువగా దాహంతో చావలేదు, ఆకలితో చచ్చాయి. చిన్న పిల్లలున్న ఆడ ఏనుగులు నీటిని వదిలి దూరం పోలేకపోయాయి. నీటి చుట్టుపక్కల మేత అయిపోయింది. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ పార్కులో జంతువుల కోసం వందల బోర్లు వేశారు. నీరున్నచోటల్లా జంతువులు ఏడాది పొడవునా తిష్ట వేయడంతో ఆ చుట్టూ చెట్టూ గడ్డీ దెబ్బతిన్నాయి. తరువాత వాళ్లే చాలా బోర్లు మూసేశారు. మెట్ట అడవిలో మేత మళ్లీ మొలవాలంటే మంద కొన్నాళ్లు అక్కడి నుంచి వెళ్లిపోవాలి. మంద వెళ్లిపోవడం కూడా అడవికి అవసరమే.

పల్నాటి వైపు చూస్తే

ఇప్పుడు మన నేలకు వద్దాం. నల్లమల అడవిలో ఏనుగు లేకపోయినా నీటి లెక్క అదే. వాన ముఖ్యంగా జూన్ నుంచి అక్టోబరు దాకా. మార్చి వచ్చేసరికి చాలా వాగులు ఎండి, ఇసుకలో చెలమలు మాత్రమే మిగులుతాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. జొన్న పండిన చేలలో మిరప, పత్తి, వరి వచ్చాయి. నాగార్జునకొండ లోయ మునిగింది. జలాశయం జంతువులకు ఎండని నీరు ఇచ్చింది, పాత దారులకు అడ్డుగోడ కూడా అయింది. 1978లో నాగార్జునసాగర్, శ్రీశైలం అడవులు అభయారణ్యం అయ్యాయి, 1983లో పులుల రిజర్వు అయ్యాయి. ఎండాకాలంలో అటవీశాఖ సాసర్ పిట్లలో నీరు నింపుతుంది. అయినా 2023 వేసవిలో దుర్గి మండలం వైపు పులులు వచ్చాయన్న వార్త పల్లెలను భయపెట్టింది. కణితి, దుప్పి నీటి వెంట పోతాయి. పులి వాటి వెంట పోతుంది. పులికి రిజర్వు హద్దురాయి తెలియదు.

మనుషులు కూడా ఈ నేల మీద ఇలాగే బతికారు. చెంచులు ఒకే పెంటలో ఏడాదంతా ఉండేవారు కాదు. ఇప్పపువ్వు రాలే కాలం, తేనె పట్టే కాలం, వాగు ఎండే కాలం చూసుకుని మకాం మార్చేవారు. లంబాడీలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని గడ్డీ నీరూ ఉన్న దారుల్లో దక్కనంతా తిరిగారు. మనిషిని జంతువుతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. అలా పోల్చి మనల్ని తక్కువ చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. మేము చెప్పేది నేల సంగతి. వాన నిలకడ లేని నేల మీద కదలడమే తెలివి.

ఆ తెలివిని బ్రిటిష్ ప్రభుత్వం నేరంగా చూసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఆ చట్టం 1952లో గానీ పోలేదు. ఇవాళ పత్రికల్లో ఏనుగులు 'దండెత్తాయి' అని చదివినప్పుడు, కదిలేవాణ్ని దొంగగా చూసే ఆ పాత చూపే మాకు గుర్తొస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం ఈ చూపును కొంత మార్చింది. సంచార, పశుపోషక సముదాయాలు కాలాన్ని బట్టి అడవి వనరులు వాడుకునే హక్కును అది గుర్తిస్తుంది. చెంచుల వంటి ఆదిమ గిరిజన సమూహాలకు ఆవాస హక్కును గుర్తిస్తుంది. వన్యప్రాణుల కీలక ఆవాసం పేరుతో ఎవరినైనా తరలించాలంటే గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 'ఆవాసం' అన్న మాట ఆ చట్టంలో జంతువుకూ ఉంది, చెంచుకూ ఉంది. ఒకరి ఆవాసం కాపాడటానికి మరొకరి ఆవాసం తీసేయనక్కర లేదని వాదించడానికి మన యువతకు ఆ చట్టం తెలిసి ఉండాలి.

వాదనకు చట్టంతో పాటు ఆధారం కావాలి. అది మన పెద్దల దగ్గర ఉంది. ఏ చెలమ ఏ నెలలో ఎండుతుంది, కరువు ఏడాదిలో కూడా నిలిచే మడుగు ఏది, కణితులు ఏ కనుమలో దిగుతాయి, కాలువ రాకముందు దారి ఎటు ఉండేది అన్న సంగతులు వాళ్లు నోటితో చెప్పగలరు. ఉపాధ్యాయులకు మా మనవి: ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో తమ గూడెం నీటి పటం గీయించండి. నెలల వారీగా, పెద్దవాళ్లను అడిగి, ప్రతి వాగుకూ ప్రతి చెలమకూ వాళ్లు పిలిచే పేరే రాయించండి. చెప్పిన పెద్దవారి పేరు కూడా కింద రాయించండి. అర్థశాస్త్రం వనచరుల పేర్లు రాయలేదు. మన పటంలో ఆ లోటు ఉండకూడదు.