మృదులాస్థి

మృదులాస్థి ఎముకకంటే మెత్తనిది, వంచినా తిరిగి మునుపటి ఆకృతికి వచ్చే సంయోజక కణజాలం. పిండంలో అస్థిపంజరం అధిక భాగం మొదట మృదులాస్థిగానే రూపొంది, క్రమంగా ఎముకగా మారుతుంది. దీని కణాలైన కాండ్రోసైట్లు మాత్రికలోని లిక్విణులనే చిన్న గదుల్లో ఉంటాయి. కాచాభ రకం ముక్కు, వాయునాళం, కీళ్లలోనూ, స్థితిస్థాపక రకం చెవి డొప్పలోనూ, తంతుయుత రకం వెన్నుపూసల మధ్య బిళ్లల్లోనూ కనిపిస్తాయి.

కీళ్ల మృదులాస్థి సాధారణ మందం 2–4 మి.మీ. మాత్రమే, బరువులో 65–80 శాతం నీరు. ప్రోటియోగ్లైకాన్లు పట్టి ఉంచే ఈ నీరే ఒత్తిడిని తట్టుకునే శక్తినిస్తుంది. ఇందులో రక్తనాళాలు, నాడులు లేవు. పెద్దల్లో పోషకాలు ప్రధానంగా కీలుద్రవం నుంచి విసరణ ద్వారా అందుతాయి. అందువల్ల గాయపడిన భాగం సులభంగా పూడదు. ఈ విషయాన్ని స్కాట్లాండ్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు విలియం హంటర్ 1743లోనే నమోదు చేశాడు.