ఇంజను గొలుసు, దాని గలగల

ఉదయమున మోటారు కారును నడుపబూనినపుడు ఇంజనులోనుండి ఒక విధమైన గలగల ధ్వని వెలువడి, మూడు లెక్కపెట్టునంతలో అణగిపోవుట మీలో పలువురు వినియే యుందురు. మేకుల డబ్బాను కదలించినట్లుండు నా చప్పుడు ఇంజను వేడెక్కిన తరువాత వెదకినను వినబడదు. గడచిన సంవత్సరము నా కారు ప్రతి ఉదయము ఈ రీతిగానే మేల్కొనుచుండెను. నేను మొదట దానిని లెక్కచేయలేదు. మా వీధి కుక్క మాత్రము ఆ ధ్వని విన్నంతనే లేచి దూరముగా పోయి పరుండుచుండెను. దానికున్న వివేకము నాకు లేకపోయెను. కొన్ని నెలలకు మూడు లెక్క అయిదైనది. ఒక మరమ్మతు దుకాణమువారు చూచి, ఇంజను విప్పి గొలుసు, చక్రములు సమస్తమును మార్చవలెననిరి. వారు చెప్పిన మొత్తము విని నేను మారుమాటాడక తిరిగి వచ్చితిని. పిమ్మట విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మేస్త్రీ, తెల్లవారుజామున చల్లగా నున్న ఇంజను ఎదుట చెవి యొగ్గి నిలిచి, ఒక్కమారు విని, "గొలుసు బాగానే ఉందండీ. దాన్ని పట్టుకునే చెయ్యి సడలింది," అనెను.

ఆ చేయి యేది, అది యెప్పుడు పుట్టినది, ఏల సడలును అని తెలిసికొనగోరి కొంతకాలము పుస్తకములు తిరుగవేసితిని. అందు దొరికిన వృత్తాంతమునే నేడు మీకు విన్నవింపబోవుచున్నాను.

ముందుగా ఇంజనులో గొలుసునకు గల పని యేమో చెప్పవలెను. 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఆటో యను నతడు నాలుగంచెల ఇంజనును నిర్మించెను. ఇంధనము కలిసిన గాలిని పీల్చుట, దానిని నొక్కుట, అది మండి పిస్టనును త్రోయుట, మిగిలిన పొగను వెలికి నెట్టుట అనునవి ఆ నాలుగంచెలు. ఇవి ముగియుసరికి క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగును. ప్రతి వాల్వును మాత్రము ఒక్కమారే తెరచుకొని మూసికొనవలెను. కావున వాల్వులను తెరచు క్యాము షాఫ్టు సరిగా సగము వేగముతో తిరుగవలెను. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క వాల్వు సెకండునకు 25 మారులు తెరచుకొనును. ఆ వేగములో ఈ రెండు షాఫ్టుల పొత్తు కొలదిగా తప్పినచో బలము తగ్గును. మిక్కిలి తప్పినచో, పెక్కు ఇంజనులలో, పైకి వచ్చు పిస్టను ఇంకను మూసికొనని వాల్వును గ్రుద్దును. అంతటితో ఆ ఇంజను పని తీరినట్లే.

ఈ రెండు షాఫ్టులను కలుపుటకు తొలినాటి నిర్మాతలు ఎక్కువగా పళ్ళచక్రములనే వాడిరి. ఒకదానికంటె రెండవదానికి రెట్టింపు పళ్ళున్నచో సగము వేగము తానే వచ్చును. పళ్ళచక్రములు దృఢమైనవి, నమ్మదగినవి. కాని అవి అరచును. పెద్ద ధనమిచ్చి కారు కొన్నవారికి ఆ అరుపు రుచింపలేదు. ఈ రొద మాన్పుటకై నిర్మాతలు ఎంత దూరము పోయిరో ఒక్క యుదాహరణమువలన తెలియును. 1926లో ఇంగ్లండున బెంట్లీ సంస్థవారు ఆరున్నర లీటర్ల ఇంజనును చేసినపుడు, రైలింజను చక్రములను కలుపు కడ్డీలవంటి మూడు కడ్డీలచేత క్యాము షాఫ్టును త్రిప్పించిరి. అది శ్రీమంతులకు తగిన యుపాయము. సామాన్యపు కార్లకు గొలుసే దిక్కైనది.

గొలుసుచేత కదలికను ఒకచోటినుండి మఱియొకచోటికి పంపుట ప్రాచీనమైన విద్యయే. క్రీ.శ. 11వ శతాబ్దము చివర చీనాలోని కైఫెంగు నగరమున సు సుంగు అను రాజోద్యోగి రచించిన గడియారపు గోపురములో అట్టి గొలుసు కలదు. కాని మన ఇంజను గొలుసునకు తండ్రి హాన్స్ రెనోల్డు. ఈయన స్విట్జర్లండులోని ఆరౌ పట్టణమున 1852లో జన్మించి, 1873లో ఇంగ్లండు చేరి, 1879లో సాల్ఫర్డులో జేమ్స్ స్లేటరు నడుపుచుండిన చిన్న గొలుసుల కర్మాగారమును కొనెను. వారి గొలుసులకు నేత యంత్రములే గిరాకి. అప్పటి గొలుసులలో మేకు పలుచని రేకుల అంచుపై తిరుగుచు త్వరలోనే గాటు పెట్టుచుండెను. 1880లో రెనోల్డు మేకు చుట్టు ఒక బుషును, దానిపై దొరలు రోలరును అమర్చెను. భారము వెడల్పుగా పరచుకొనుటచే అరుగుదల మిక్కిలి తగ్గినది. మన సైకిలు గొలుసును ఆ వంశములోనిదే. 1895లో ఆయనయే పళ్ళచక్రమును మెత్తగా కఱచుకొను మఱియొక తీరు గొలుసును చేసెను. లోకము దానిని నిశ్శబ్ద గొలుసని పిలిచెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఇట్టి గొలుసులు ఇంజను ముంగిట చేరినవి. ఇందలి విచిత్రమును గమనింపుడు. చప్పుడు చేయదని కదా గొలుసును తెచ్చిరి! నా గుమ్మము ముందు ప్రతి ఉదయము చప్పుడు చేయుచుండినది ఆ గొలుసే.

గొలుసునకు ఒక స్వభావదోషము కలదు. అది సాగును. సాగుననుట లోకరూఢియే గాని, నిజమునకు ఇనుము సాగదు. ప్రతి లంకెలోను మేకును బుషును ఒరసికొని రవ్వంత అరుగును. నూఱు లంకెలలో ఒక్కొక్కటి మిల్లీమీటరులో యాబదవ వంతు అరిగినదనుకొనుడు. గొలుసు మొత్తముమీద రెండు మిల్లీమీటర్లు పొడవైనదన్నమాట. సైకిలు గొలుసు వదులైనచో వెనుక చక్రమును కొంచెము జరిపి బిగింతుము. ఇంజనులో షాఫ్టులు కదలని చోటులలో నుండును. వానిని జరుపుటకు వీలులేదు. క్యాము షాఫ్టు దిగువన, క్రాంకు షాఫ్టు చెంతనే యున్నంతకాలము గొలుసు పొట్టిది గనుక వదులును కొంచెమే. మన అంబాసిడరు కారులో బహుకాలముండిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఆ పాత తరమునకు చెందినది. క్యాము షాఫ్టును సిలిండర్ల తలపైకి ఎక్కించిన పిమ్మట గొలుసు పొడవై, చిక్కు పెద్దదైనది.

దీనిని చక్కగా విడదీసినవారిలో జాన్ వెల్లరును ముందుగా చెప్పవలెను. లండను సమీపమున థేమ్స్ డిట్టనులోని ఏ.సీ. సంస్థకు ఆయన ఆరు సిలిండర్ల ఇంజనును రచింపగా 1919లో దానిని ప్రదర్శించిరి. క్యాము షాఫ్టు పైన, పొడుగైన గొలుసు ముందర. ఆ గొలుసు వదులగు వైపున వెల్లరు ఒక ఉక్కు రేకును విల్లువలె వంచి ఆనించెను. గొలుసు సాగినకొలది విల్లు ముందుకు వచ్చి దానిని పట్టుకొనును. మరలు త్రిప్పి సవరించు పని లేదు. ఆయిలు కొఱకు ఎదురుచూచుట లేదు. రాత్రియైనను పగలైనను విల్లు విల్లుగానే యుండును. ఆ యింజను 1963 వరకు, నలువది యేండ్లకు పైగా, తయారగుచు వచ్చినది. ఇంతటి సులువైన వస్తువును చూచినపుడు నాకు పూజ్యభావము కలుగును. తరువాతివారు దీనిని విడుచుటకు కారణము లేకపోలేదు గాని, విడుచుటలో పోగొట్టుకొన్నదియు కలదు.

కారణ మేమనగా, ఉక్కు రేకు పట్టునకు హద్దు కలదు. ఇంజను వేగము హెచ్చినకొలది గొలుసు కొరడావలె ఆడును. దానిని అణచుటకు రేకును గట్టిగా చేసినచో అది గొలుసును ఎల్లవేళల ఒరసి అరుగజేయును; మెత్తగా చేసినచో వేగములో పట్టు చాలదు. అందుచేత నిర్మాతలు ఇంజనులోనే సిద్ధముగా నున్న మఱియొక బలమును ఆశ్రయించిరి. అదియే ఆయిలు ఒత్తిడి. విలియం హైన్స్ నాయకత్వమున రూపొందిన జాగ్వారు ఎక్స్‌కే ఇంజను 1948లో లోకమునకు వెల్లడియైనది. దాని క్రింది గొలుసునకు మొదట వెల్లరు విల్లే యుండెను. 1950వ దశకములో దాని స్థానమున ఆయిలుతో పనిచేయు టెన్షనరు వచ్చినది. క్రమముగా తక్కినవారును ఆ త్రోవనే పట్టిరి.

ఈ టెన్షనరును వైద్యుని సిరంజితో పోల్చవచ్చును. ఒక చిన్న గొట్టము, అందు ముందుకు వెనుకకు నడచు ప్లంజరు, దాని వెనుక పలుచని స్ప్రింగు, ఆయిలు వచ్చుటకు సన్నని రంధ్రము, వచ్చిన ఆయిలు మరలిపోకుండ అడ్డుపడు గోలీవంటి గుండు. ఆయిలు వెనుకనుండి నెట్టగా ప్లంజరు ఒక నున్నని పట్టీని గొలుసుపై ఒత్తును. కారు రాత్రియంతయు నిలిచియున్నపుడు, గుండు కూర్చుండు చోటు అరిగినను, అందు మడ్డి చేరినను, ఆయిలు మెల్లగా జారిపోవును. తెల్లవారి ఇంజను తిరుగగానే గొలుసును పట్టుకొనుటకు ఆ బలహీనమైన స్ప్రింగు తప్ప మఱేమియు నుండదు. గొలుసు ఎగిరి పట్టీని కొట్టును. పంపు ఆయిలును అందించిన వెంటనే ప్లంజరు ముందుకు వచ్చును, చప్పుడు అణగును. కొందరు నిర్మాతలు ప్లంజరు వెనుకకు జారకుండ పళ్ళ మెట్లను చేర్చిరి; అది మంచి జాగ్రత్త. ఏమైనను, ఆయిలు మార్చవలసిన కాలమున మార్చక వాయిదా వేయువారి కార్లలోనే ఈ వ్యాధి ముందుగా కనబడును. నేను అట్టివారిలో నొకడనని ఒప్పుకొనక తప్పదు.

టెన్షనరు చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన అధ్యాయము జర్మనీలో జరిగినది. 1963లో పోర్షె సంస్థవారు ఫ్రాంకుఫర్టు ప్రదర్శనలో ఒక కొత్త కారును చూపిరి. దానికి 901 అని పేరు పెట్టగా, నడుమ సున్న గల మూడంకెల పేర్లు తమవని ఫ్రాన్సులోని ప్యుజోవారు అభ్యంతరము చెప్పిరి. అందుచేత అది 911 అయినది. దాని ఇంజను వెల్లరు ఇంజనువలెనే ఆరు సిలిండర్లది, సరిగా 1991 ఘన సెంటీమీటర్లది. ఈ సమానత్వము కాకతాళీయమే. సిలిండర్లు ఇరువైపుల మూడేసి పరుండియుండుటచే రెండు గొలుసులు, రెండు టెన్షనర్లు కావలసివచ్చెను. ఆ టెన్షనర్లకు ఇంజను ఆయిలు ఒత్తిడితో సంబంధము లేదు. ఒక్కొక్కటి తన చిన్న పాత్రలో తన ఆయిలును తానే దాచుకొనును. ఆలోచన మంచిదే: పంపు కొఱకు ఎదురుచూడనక్కరలేదు. కాని లోపలి సీళ్ళు ముదిరి ఆయిలు కారిపోయినచో మరల నింపువారు లేరు. టెన్షనరు క్రుంగెను, గొలుసు పళ్ళు దాటెను, వాల్వులు పిస్టనులకు తగిలెను. సంవత్సరముల తరబడి ఆ కారు యజమానులకు ఇదియొక దిగులైనది. కడకు 1984 నమూనా కరెరాలో టెన్షనర్లకు ఇంజను ఆయిలునే గొట్టములద్వారా తెచ్చి యిచ్చిరి. అంతట పాత కార్లవారు కూడ ఆ కొత్త టెన్షనర్లను, గొట్టములను కొని తమ ఇంజనులకు బిగించుకొనసాగిరి. మార్చినది గొలుసును కాదు, ఇంజనును కాదు. అరచేతిలో ఇముడు రెండు వస్తువులను.

ఇంతలో గొలుసునకే స్వస్తి చెప్పినవారును ఉండిరి. 1960వ దశకపు ప్రారంభమున జర్మనీలోని గ్లాస్ సంస్థ పళ్ళు గల రబ్బరు బెల్టుతో క్యాము షాఫ్టును త్రిప్పు కారును అమ్మెను. 1966లో ఇటలీలో ఫియట్ ఇంజనునకు లాంప్రెడి దానినే గ్రహించెను. 1983లో వచ్చిన మారుతి 800 ఇంజనులోను ఉన్నది బెల్టే. బెల్టు చవుక, తేలిక, దానికి ఆయిలు అక్కరలేదు. అన్నిటికంటె మిన్నగా, చప్పుడు లేదు. ఇది వినుటకు ఇంపుగానే యుండును. చాలకాలము క్రిందట నాకు వేఱొక కారుండెను, అదియును బెల్టుదే. ఒకనాటి రాత్రి మా అమ్మగారిని వైద్యమునకై ఏలూరునుండి రాజమహేంద్రవరమునకు తీసికొనిపోవుచుండగా త్రోవలో బెల్టు తెగినది. ఇంజను దీపము ఆర్పినట్లు ఆగిపోయెను. అంతకుముందు ఒక కీచుమన్న ధ్వనియైనను లేదు. బెల్టును ఇన్ని వేల మైళ్ళకు మార్చవలెనని పుస్తకములో వ్రాసియుండగా నేను చదువలేదు. ఆ తప్పు నాదే. దారినపోవు లారీవారు దయతలచి మమ్ము ఎక్కించుకొనిరి. ఆమె వెనుకకు తిరిగి ఆ చీకటిలో నిలిచిన కారును చూచి, "చప్పుడైనా చెయ్యకుండా పోయిందేమిట్రా," అనెను. వాల్వులన్నియు వంగినవని మఱునాడు తెలిసెను. తరువాత చాలమంది నిర్మాతలు మరల గొలుసునకే వచ్చిరి.

కావుననే ఆటోనగరులో మేస్త్రీ ఆ మాట చెప్పినపుడు నేను ఆలస్యము చేయలేదు. నా కారులో టెన్షనరును బయటినుండియే తీయవచ్చును. కొన్నిటిలో ముందరి మూతయంతయు విప్పవలసియుండును. ఆయన మొదటి సిలిండరు పిస్టనును పై కొసకు తెచ్చి, గుర్తులు సరిచూచి, షాఫ్టులు కదలకుండ కడ్డీలతో నిలిపెను. టెన్షనరు వెలికి తీసిన పిమ్మట ఎవరైన ఇంజనును వెనుకకు త్రిప్పినచో గొలుసు పన్ను దాటునని కుఱ్ఱవానిని హెచ్చరించెను. పాతది తీసి, దాని ప్లంజరు ఎంతవఱకు బయటికి వచ్చినదో కొలచి నాకు చూపెను. "ఇంకా సగం కూడా రాలేదండీ. గొలుసు అరిగుంటే ఇది చివరిదాకా వచ్చేసేది." మొదటి దుకాణమువారు ఈ కొలత తీయనేలేదు.

కొత్త టెన్షనరు ప్లంజరును లోపలికి నొక్కి పిన్నుతో బంధించి పంపుదురు. ఆయన దానిని కొత్త వాషరుతో బిగించి పిన్ను లాగెను; టక్కుమని ప్లంజరు పోయి పట్టీని తాకెను. కడ్డీలు తీసి, తాళపుచెవి ముట్టక, పొడవైన స్పానరుతో ఇంజనును చేతితోనే నిండు రెండు చుట్లు త్రిప్పి గుర్తులను మరల చూచెను. పాత ఆయిలు తీసివేయగా అది తారువలె జారెను. ఆయన దానిని చూచి నన్ను చూచెను, ఏమియు ననలేదు.

ఆనాడు మొదటిమారు నడిపినపుడు ఒక్క సెకండు గలగలమనెను. ఖాళీ గొట్టము నిండవలదా! మఱునాటి ఉదయము నేను లెక్కపెట్టుటకు సిద్ధముగా కూర్చుండి తాళపుచెవి త్రిప్పితిని. ఒకటి యనకమునుపే ఇంజను మెత్తగా నడుచుచుండెను. పాత టెన్షనరు ఇప్పటికిని నా వ్రాతబల్లపై నున్నది. బొటనవ్రేలితో నొక్కినచో ఎదురు చెప్పక లోపలికి పోవును.