లెనిన్‌గ్రాడ్‌లో పుట్టి విశాఖలో స్థిరపడ్డ కుర్సురా

1962 అక్టోబరు 27. క్యూబా క్షిపణుల వివాదం ముదిరి అమెరికా, సోవియట్ యూనియన్ ఏ క్షణంలోనైనా యుద్ధానికి దిగేలా ఉన్న రోజు. అట్లాంటిక్‌లో బీ-59 అనే సోవియట్ జలాంతర్గామిని అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టాయి. పైకి రమ్మనడానికి గుర్తుగా నీళ్లలోకి చిన్నచిన్న పేలుడు గుళ్లు వదులుతున్నాయి. లోపల బ్యాటరీలు అడుగంటాయి. వేడి 45 డిగ్రీలు దాటింది. గాలి చాలక మనుషులు సొమ్మసిల్లి పడిపోతున్నారు. మాస్కోతో మాటల్లేవు. పైన యుద్ధం మొదలైందో లేదో కెప్టెన్ వాలెంటిన్ సవిత్‌స్కీకి తెలియదు. ఆయన దగ్గరున్న టార్పెడోల్లో ఒకటి అణు టార్పెడో. ఆ సంగతి పైనున్న అమెరికన్లకు తెలియదు.

సవిత్‌స్కీ కోపంతో ఆ టార్పెడోను సిద్ధం చేయమన్నాడనీ, అదే పడవలో ఉన్న దళాధికారి వాసిలీ ఆర్ఖిపోవ్ ఆయనకు నచ్చజెప్పి ఆపాడనీ ఆ రోజు లోపలే ఉన్న వదీమ్ ఓర్లోవ్ అనే అధికారి చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. బీ-59 పైకి తేలింది, బ్యాటరీలు నింపుకుంది, వెనక్కి మళ్లింది. ఆ రోజు ఆర్ఖిపోవ్ చూపిన నిబ్బరానికి ప్రపంచం రుణపడి ఉందనే నేను నమ్ముతాను.

ఇంత కథ నడిచిన ఆ పడవకూ, విశాఖ ఆర్కే బీచ్‌లో మన పిల్లలు ఎక్కి దిగే కుర్సురా జలాంతర్గామికీ దగ్గర చుట్టరికం ఉంది. రెండూ ఒకే తరగతివి. సోవియట్‌లు దానికి పెట్టిన పేరు ప్రాజెక్ట్ 641. నాటో దేశాలు ఫాక్స్‌ట్రాట్ అన్నాయి, లోకంలో అదే నిలిచిపోయింది.

ఈ తరగతి మూలాలు రెండో ప్రపంచ యుద్ధంలో ఉన్నాయి. యుద్ధం చివర్లో జర్మనీ తయారుచేసిన టైప్ 21 జలాంతర్గాములు, అంతకుముందువాటిలా అవసరమైనప్పుడు మాత్రమే మునిగేవి కావు, ఎక్కువకాలం నీళ్లలోనే ఉండి పోరాడేందుకు కట్టినవి. యుద్ధంలో గెలిచిన దేశాలన్నీ వాటిని విప్పి చూసి నేర్చుకున్నాయి. సోవియట్‌లు ఆ పాఠాలతో ముందు జులూ తరగతిని కట్టారు. దాని లోపాలు సరిదిద్ది 1957లో లెనిన్‌గ్రాడ్‌లో ఫాక్స్‌ట్రాట్ మొదలుపెట్టారు. దాదాపు పాతికేళ్లపాటు ఆపకుండా కట్టారు, డెబ్బైకి పైగా తయారయ్యాయి. లిబియా, క్యూబా, పోలండ్ కూడా వీటిని తీసుకున్నాయి.

ఇవి నడిచే తీరు తెలిస్తేనే ఇందులో పనిచేసినవాళ్ల కష్టం అర్థమవుతుంది. డీజిల్ ఇంజిన్‌కు గాలి కావాలి, నీళ్లలో గాలి లేదు. అందుకని పడవ పైకి తేలినప్పుడో, గాలి గొట్టం మాత్రం నీటిపైకి పెట్టినప్పుడో ఇంజిన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి. మునిగాక ఆ బ్యాటరీలతో విద్యుత్ మోటార్లు తిరుగుతాయి. మెల్లగా పోతే రోజుల తరబడి లోపలే ఉండొచ్చు. తరుముకొస్తున్నారని వేగం పెంచితే కొద్ది గంటల్లోనే బ్యాటరీలు ఖాళీ. బీ-59ను పైకి రప్పించింది చివరికి ఆ బ్యాటరీలే. ఫాక్స్‌ట్రాట్‌లో మూడు డీజిల్ ఇంజిన్లు, మూడు మోటార్లు, మూడు ప్రొపెల్లర్లు ఉండేవి. మూడు ప్రొపెల్లర్ల చప్పుడు శత్రువు చెవికి తేలిగ్గా చిక్కేది. పైగా అమెరికా అణు జలాంతర్గామి నాటిలస్ 1954లోనే వచ్చేసింది. నిజం చెప్పాలంటే పుట్టేనాటికే ఇది కాలానికి ఒక అడుగు వెనక ఉంది. అయితే గట్టి పడవ, దూరం పోగల పడవ.

మన నేవీ మొదట అడిగింది బ్రిటన్‌ను. కోరిన షరతులకు వాళ్లు ఒప్పుకోలేదు. ఈలోగా 1964లో పాకిస్తాన్‌కు అమెరికా నుంచి ఘాజీ అనే జలాంతర్గామి వచ్చేసింది. 1965లో మనం సోవియట్ యూనియన్‌తో నాలుగు జలాంతర్గాములకు ఒప్పందం చేసుకున్నాం. మనవాళ్లు రష్యన్ భాష నేర్చుకుని, వ్లాదివొస్తోక్‌లో శిక్షణ పొందారు. 1967 డిసెంబరు 8న రీగా రేవులో కమాండర్ కె.ఎస్. సుబ్రమణ్యన్ నాయకత్వంలో ఐఎన్ఎస్ కల్వరి మన నేవీలో చేరింది. ఆ తేదీనే ఏటా జలాంతర్గామి దినంగా జరుపుకుంటాం. ఆ ఏడాది జరిగిన అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో సూయెజ్ కాలువ మూతపడింది. అందువల్ల కల్వరి ఆఫ్రికా ఖండాన్ని చుట్టి విశాఖ చేరింది. 1968లో ఖండేరి, 1969లో కరంజ్, కుర్సురా చేరాయి. తర్వాత 1973, 74 సంవత్సరాల్లో వేలా, వాగిర్, వాగ్లీ, వాగ్‌షీర్ వచ్చాయి. మొత్తం ఎనిమిది. వీటి కోసమే 1971లో విశాఖలో ఐఎన్ఎస్ వీరబాహు స్థావరం, 1974లో ఐఎన్ఎస్ శాతవాహన శిక్షణ కేంద్రం వెలిశాయి.

1971 యుద్ధానికి ముందే, నవంబరులో, కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీకి దిగింది. అయితే దాని చేతులు కట్టేసినట్టే ఆదేశాలు ఉన్నాయి: గీసిన హద్దు దాటకూడదు, పాక్ నేవీ నౌక అని రూఢి అయ్యాకే కొట్టాలి. వాణిజ్య నౌకల జోలికి ప్రత్యేక ఆజ్ఞ లేనిదే పోకూడదు. మన జలాంతర్గాములు ఆ యుద్ధంలో ఒక్క నౌకనూ ముంచలేదు. అదే యుద్ధంలో విశాఖ రేవు ముందు ఘాజీ మునిగింది. డిసెంబరు 9న పాక్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. చేతికంది వచ్చిన ఆయుధానికి అంత గట్టి కళ్లెం వేయకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఆ తర్వాత ఈ పడవల అసలు సేవ మనుషుల్ని తయారుచేయడం. ఉత్తరాది చలి సముద్రాల కోసం కట్టిన పడవ మన బంగాళాఖాతంలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. 91 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు. అందులో ఇంజిన్లు, బ్యాటరీలు, 22 టార్పెడోలు పోగా మిగిలిన సందుల్లో 75 మంది బతకాలి. మంచినీళ్లు లెక్క చూసి వాడుకోవాలి, స్నానం ఊసే ఎత్తకూడదు. ఒంటికీ బట్టలకూ పట్టిన డీజిల్ వాసన ఒడ్డుకొచ్చినా వదలదు.

కుర్సురా 73,500 నాటికల్ మైళ్లు తిరిగి 2001 ఫిబ్రవరి 27న విశ్రమించింది. సముద్రం ఒడ్డున ఇసుకలోంచి దాన్ని లాగి నిలబెట్టడం చిన్న పని కాదు. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపల ముందుగది చూడండి. ఆరు టార్పెడో గొట్టాల గుండ్రటి ఇత్తడి మూతలు ఎదురుగా ఉంటాయి. పక్కనే నావికుల పడకలు. టార్పెడోల పక్కనే నిద్ర. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి ద్వారంలో వంగి, ముందు కాలు పెట్టి, తర్వాత తల దూర్చాలి. ప్రమాదం వస్తే ఆ తలుపు క్షణాల్లో మూసేయాలి, అవతల తోటివాళ్లు ఉన్నా సరే. లోపల తిప్పి చూపించేవాళ్లు నేవీలో పనిచేసి విరమించినవాళ్లే. సెల్ఫీలు కాసేపు ఆపి వాళ్లు చెప్పేది వినండి, బ్యాటరీలు ఎక్కడుండేవో అడగండి. మీ కాళ్ల కిందే ఉండేవి.

మిగతా దేశాల ఫాక్స్‌ట్రాట్‌లూ ఇప్పుడు చాలావరకు తుక్కయ్యాయి. అమెరికాలో శాన్‌డియేగో మ్యూజియంలో ఉన్న ఫాక్స్‌ట్రాట్‌ను 2022లో తుక్కుకు తరలించారు. మన నేవీలో చివరిదైన వాగ్లీ 2010 డిసెంబరులో సెలవు తీసుకుంది. ముంబైలోని మజగావ్ డాక్‌లో కట్టిన ఆరు కొత్త స్కార్పీన్ జలాంతర్గాములకు ఈ పాత పేర్లే పెట్టారు: కల్వరి, ఖండేరి, కరంజ్, వేలా, వాగిర్, వాగ్‌షీర్. ఆరోది 2025 జనవరి 15న నేవీలో చేరింది. ఇవి కూడా డీజిల్-ఎలక్ట్రిక్‌వే.